బంతి వేసిన వంతెన

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఫుట్‌బాలు అనగానే మనలో చాలామందికి ఏం గుర్తొస్తుంది? బురద కొట్టుకుపోయిన చొక్కాలు, పగిలిన కిటికీ అద్దం, అర్ధరాత్రి టీవీ ముందు కూర్చుని ‘గోల్’ అని ఒక్క కేక పెట్టి ఇంటిల్లిపాదినీ నిద్ర లేపే కొడుకు! ఇరవై రెండుమంది ఒక్క బంతి కోసం కొట్టుకోవడం ఎందుకు, తలా ఒకటి కొనిపెడితే పోదా అనే పాత హాస్యం మనందరికీ తెలిసిందే.

ఇవాళ నేను ఆట ఎలా ఆడాలో చెప్పబోవడం లేదు. ఒకరి మాట ఒకరికి తెలియని మనుషులను, ఒకరి వంట ఒకరి నోటికి ఎక్కని మనుషులను ఆ బంతి ఎలా దగ్గర చేస్తుందో చెబుతాను. అందులో మన హైదరాబాదు పిల్లలు చేసింది ఎంతో, మనం మరిచిపోయింది ఎంతో కూడా చెబుతాను.

మా ఎనుమాముల మార్కెట్టు యార్డు సంగతి మీరు వినే ఉంటారు. మిర్చి సీజనులో ఎక్కడెక్కడి లారీలో వచ్చి నిలబడతాయి. రైతుది ఒక యాస, హమాలీది ఒక యాస, సరుకు కొనే సేటుది వేరే భాష, డ్రైవరుది ఇంకో భాష. అయినా పని ఆగదు. ఎందుకంటే కాంటా దగ్గర అందరికీ ఒకటే లెక్క. కాంటా ముల్లు ఏ భాషా మాట్లాడదు. ఫుట్‌బాలు కూడా అలాంటి కాంటాయే. దానికి మొత్తం నియమాలు 17. అవి లండనులో ఎంతో వరంగల్లులో అంతే. బంతిని కాలితో తన్నాలి, చేత్తో ముట్టుకోకూడదు, గోలు కాసేవాడికి మాత్రమే ఆ మినహాయింపు. ఇంత తెలిస్తే చాలు, పక్కన కూర్చున్నవాడి భాష రాకపోయినా ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడి అరవగలరు. ఖర్చు కూడా ఎక్కువ లేదు. ఒక బంతి ఉంటే ఇరవై మంది పిల్లలు సాయంత్రమంతా గడిపేస్తారు.

ముందు దూరదేశపు ముచ్చట ఒకటి చెప్పి తరవాత మన ఇంటికి వద్దాం.

బ్రిటిషువాళ్లకీ పోర్చుగీసువాళ్లకీ స్నేహం పాతదే. ఆరువందల ఏళ్లకు పైబడిన ఒడంబడిక ఉంది వాళ్ల మధ్య. 1386లో రాసుకున్నది. కాని రాజులు రాసుకున్న కాగితం వేరు, మామూలు మనుషుల మనసులు కలవడం వేరు. ఆ రెండో పని చేసినవాటిలో ఈ బంతి ఒకటి. పోర్చుగల్లో పోర్టో అనే నగరం ఉంది. ద్రాక్ష సారాయికి పేరు పడ్డ ఊరు. ఆ రోజుల్లో ఆ సారాయి ఎక్కువగా కొన్నది ఇంగ్లండువాళ్లు. ఆ వ్యాపారం చేసే ఒకాయన పనిమీద ఇంగ్లండు వెళ్లి, అక్కడ ఈ ఆట చూసి ముచ్చటపడి, తిరిగొచ్చి 1893లో సొంత ఊళ్లో క్లబ్బు పెట్టాడు. అదే ఇవాళ్టి పోర్టో క్లబ్బు. చూశారా, సరుకు అటు వెళ్లింది, ఆట ఇటు వచ్చింది!

ఆ తరవాత ఎప్పుడో 1992లో బాబీ రాబ్సన్ అనే పెద్ద ఇంగ్లీషు కోచ్ లిస్బనుకు వెళ్లాడు. ఆయనకు పోర్చుగీసు రాదు. ఆయన మాటలు ఆటగాళ్లకు చెప్పడానికి జోసె మౌరినో అని ఒక కుర్రవాణ్ణి దుబాసీగా పెట్టారు. మాట అటూ ఇటూ చేరవేస్తూ చేరవేస్తూ ఆ కుర్రవాడు గురువుగారి విద్యంతా పట్టేశాడు. 2004లో అతనే కోచ్‌గా లండను వచ్చి, 50 ఏళ్లుగా లీగు గెలవని చెల్సీ జట్టును మొదటి ఏడే గెలిపించాడు. దుబాసీ గురువైపోయాడన్నమాట.

ఇంతవరకు గెలుపుల మాట. నా మనసుకు ఎక్కువగా తగిలింది మాత్రం 2025లో జరిగిన సంగతి. పోర్చుగలుకు చెందిన డియోగో జోటా అనే ఆటగాడు లివర్‌పూలు జట్టుకు ఆడేవాడు. వయసు 28. ముగ్గురు పసిపిల్లల తండ్రి. జూన్ 22న పెళ్లి చేసుకున్నాడు. పదకొండు రోజులు తిరక్కుండానే, జూలై 3న, స్పెయిను దేశంలో కారు ప్రమాదంలో తమ్ముడితో సహా పోయాడు. ఆ వార్త తెలియగానే లివర్‌పూల్లో జనం వాళ్ల మైదానం గుమ్మం ముందు పూలు, చొక్కాలు, చేత్తో రాసిన కాగితాలు గుట్టలుగా పెట్టారు. తోటి ఆటగాళ్లు అతని సొంత ఊరు గొండొమార్‌కు వెళ్లి, అన్న చొక్కా అంకెతో ఒకటి, తమ్ముడి చొక్కా అంకెతో ఒకటి పూలచక్రాలు పట్టుకుని అంతిమయాత్రలో నడిచారు. అతను వేసుకున్న 20వ నంబరు చొక్కా ఇక ఎవరికీ ఇవ్వబోమని క్లబ్బు ప్రకటించింది. ఆట 20వ నిమిషానికి రాగానే అభిమానులంతా అతని పేరున పాట పాడారు. పోర్చుగీసు ఒక్క ముక్క రాని ఇంగ్లీషు ముసలమ్మలు ఎక్కడో పోర్చుగలు ఊళ్లోని ఒక తల్లి కోసం కళ్లు తుడుచుకున్నారంటే, వాళ్లిద్దరి మధ్యా వంతెన ఉన్నట్టే కదా!

ఈ బ్రిటిషు, పోర్చుగీసు కథ మన దేశంలోనూ ఒకచోట జరిగింది. గోవా 1961 దాకా పోర్చుగీసు ఏలుబడిలో ఉంది. అక్కడ ఫుట్‌బాలు మొదలుపెట్టింది మాత్రం పోర్చుగీసువాళ్లు కాదు. 1883లో సియోలిం అనే ఊరికి వచ్చిన విలియం రాబర్ట్ లయన్స్ అనే బ్రిటిషు పాదిరీ పిల్లలకు నేర్పాడని గోవావాళ్లు చెప్పుకుంటారు. ఇవాళ ఫుట్‌బాలు లేని గోవాను ఊహించలేం. 

ఇక మన ఇంటికి వద్దాం. మన దగ్గర ఆ పాదిరీ పని చేసింది కంటోన్మెంటు. సికిందరాబాదు, తిరుమలగిరి, బొల్లారం వైపు బ్రిటిషు పటాలాలు ఉండేవి. సాయంత్రమైతే సోల్జర్లు బంతి ఆడేవారు. కంచె అవతల నిలబడి చుట్టుపక్కల పేద పిల్లలు చూసేవారు. చూసి చూసి గుడ్డబంతితో, వట్టి కాళ్లతో వాళ్లూ మొదలుపెట్టారు. నేర్పినవాళ్లను మించిపోయారు కూడా. 1943లో బెంగుళూరులో ఏష్ గోల్డ్ కప్పు పోటీలో మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఏకంగా రాయల్ ఎయిర్ ఫోర్సువాళ్లనే ఓడించింది.

ఆ పోలీసు జట్టును 1950 నుంచి తీర్చిదిద్దిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. వృత్తికి బడిపంతులు. అందరూ రహీం సాబ్ అనేవారు. పంతులుగారి పద్ధతి చూడండి. కుడికాలి వాటం ఉన్న పిల్లవాడికి ఎడమకాలు బద్ధకిస్తుంది. మనం పిల్లలకు చెయ్యి మార్చి రాయించినట్టు, ఆయన చేతకాని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతి దొరికితే తానే తిప్పుకుంటూ పోయే పిల్లవాడికి, నీ దగ్గర ఉంచుకోకు, పక్కవాడికి అందించు అని వేరే పోటీలు. ఇంట్లో ఒక్కరే అన్నీ నెత్తిన వేసుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు, ఆటలోనూ అంతే.

ఆయన చేతికింద మన పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్‌బగానును ఓడించింది. మోహన్‌బగాను అంటే ఆషామాషీ జట్టు కాదు. 1911లో ఇంకా తెల్లదొరల రాజ్యంలో ఉండగానే, ఒక్కరు తప్ప అందరూ వట్టి కాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన జట్టు. బెంగాలువాళ్లకు ఆ గెలుపు స్వాతంత్ర్య పోరాటంలో ఒక ఘట్టంలాంటిది. అంతటి జట్టు మన బడిపంతులు పిల్లల చేతిలో ఓడింది. 

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. ఓడినవాళ్లకు కోపం రావాలి కదా? కలకత్తావాళ్లకు ముచ్చట వేసింది! ఆ పిల్లలను మా ఊరు పంపండి అని పిలిచారు. హైదరాబాదుకీ కలకత్తాకీ మధ్య బంతి వంతెన పడింది.

ఆ ఊరి సంగతి కాస్త తెలిస్తేగాని ఈ వంతెన విలువ తెలియదు. కలకత్తాలో పెద్ద క్లబ్బులు మూడు. మోహన్‌బగాను 1889లో పుట్టింది. మహమ్మదన్ స్పోర్టింగు 1891లో, ఈస్ట్ బెంగాలు 1920లో. మోహన్‌బగాను అభిమానులు ఎక్కువగా ‘ఘొటీ’లు, అంటే తరాలుగా పడమటి బెంగాల్లోనే ఉన్నవాళ్లు. ఈస్ట్ బెంగాలు అభిమానులు ‘బాంగాల్’లు, అంటే ఇప్పటి బంగ్లాదేశు వైపు మూలాలున్నవాళ్లు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన లక్షలాది కాందిశీకులకు ఆ క్లబ్బు పుట్టింటి పేరులాంటిదైంది. ఊరు పోయింది, ఇల్లు పోయింది, పేరులో ఊరున్న క్లబ్బు మిగిలింది!

వాళ్ల పోటీ మైదానంలో ఆగదు, వంటింట్లోకి వస్తుంది. బాంగాల్‌లకు పులస జాతి చేప, అదే ‘ఇలిష్’, ప్రాణం. ఘొటీలకు పెద్ద రొయ్య ప్రాణం. ఈస్ట్ బెంగాలు గెలిస్తే ఆ రాత్రి ఇళ్లల్లో ఇలిష్ ఉడుకుతుంది. మోహన్‌బగాను గెలిస్తే రొయ్యల కూర. ఆ రోజు బజారులో ఆ సరుకు ధర కూడా కొండెక్కుతుందట! కూరలో చిటికెడు పంచదార వేసేది ఘొటీలు, కారం దట్టించేది బాంగాల్‌లు. ఒకింటి పిల్లను ఇంకో ఇంటికి ఇచ్చారంటే, ఆటరోజున ఆ కొత్త కోడలి అవస్థ ఊహించుకోండి, ఏ చేప వండాలి!

ఇంత పట్టింపులున్న ఊళ్లోకి మనవాళ్లు వెళ్లారు. మనవాళ్లు ఘొటీలు కారు, బాంగాల్‌లు కారు. ఆ ఊరి చేప తెలియదు, ఆ ఊరి భాష తెలియదు. 1949 నుంచి కొన్నేళ్లపాటు ఈస్ట్ బెంగాలు ముందువరస ఐదుగురినీ జనం ‘పంచపాండవులు’ అని పిలుచుకున్నారు. ఎవరా పాండవులు? వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే, ఒక్కరూ బెంగాలీ కారు. ఇల్లు పోగొట్టుకున్న కాందిశీకులు పరాయి ఊరి పిల్లలకు తమ భారతంలోని పేర్లు పెట్టుకున్నారు. పేరు పెట్టడమంటే మన ఆడవాళ్లకు తెలుసు కదా, అది ఒళ్లోకి తీసుకోవడమే. ఆ పేరు నిలబెడుతూ వాళ్లు 1949, 50, 51 మూడేళ్లూ షీల్డు తెచ్చిపెట్టారు.

తరవాత వెళ్లినవాడు తులసీదాస్ బలరాం. 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టాడు. కంటోన్మెంటు చుట్టుపక్కల ఆడుకుంటూ రహీం సాబ్ కంట్లో పడ్డాడు. ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదువాళ్లు, గోవా మూలాలున్న నెవిల్ డిసూజా, కలకత్తా ఆటగాళ్లు అందరూ కలిసి ఉన్నారు. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే 4-2తో ఓడించారు. డిసూజా ఒక్కడే మూడు గోల్సు కొట్టాడు. మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్లో ఇప్పటిదాకా మనకు అంతకుమించిన స్థానం రాలేదు.

1957లో బలరాం ఈస్ట్ బెంగాల్లో చేరాడు. 1956-57లో సంతోష్ ట్రోఫీని హైదరాబాదుకు గెలిచిన జట్టులో ఉన్నవాడే, 1958-59లో అదే ట్రోఫీని బెంగాలుకు గెలిపించిన జట్టులోనూ ఉన్నాడు. పుట్టింటికి ఒకసారి, అత్తింటికి ఒకసారి పేరు తెచ్చినట్టు! 1961లో ఈస్ట్ బెంగాలు నాయకుడై లీగు గెలిపించాడు. ఆ ఏడు లీగులో అందరికంటె ఎక్కువ గోల్సు అతనివే. 

1962లో జకార్తా ఆసియా క్రీడలు. రహీం సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల కాన్సరు. ఆ బాధతోనే జట్టును తీసుకెళ్లారు. అక్కడ ఒక మన అధికారి అన్న మాట మీద స్థానికులకు కోపం వచ్చి, మన రాయబార కార్యాలయం మీద దాడి దాకా వెళ్లింది. ఫైనలు రోజున లక్షమంది దాకా జనం మనవాళ్లను గేలి చేస్తూ కూర్చున్నారు. ఆ జట్టు కూర్పు చూడండి. నాయకుడు చునీ గోస్వామి, గోలు కొట్టే పి.కె. బెనర్జీ బెంగాలు తరఫున, దెబ్బతగిలి తలకు కుట్లు పడ్డా ముందువరసలో ఆడిన జర్నైల్ సింగ్ పంజాబు తరఫున, బలరాం, యూసుఫ్ ఖాన్, గోలు కాసిన పీటర్ తంగరాజ్ మన హైదరాబాదులో పుట్టినవాళ్లు. హిందువు, సిక్కు, మహమ్మదీయుడు, కిరస్తానీ అందరూ ఒకే చొక్కాలో. కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ హోరులో మనవాళ్లకోసం చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాను హాకీ జట్టువాళ్లు ఉన్నారని ఆనాటి ఆటగాళ్లు తరవాత చెప్పుకున్నారు. రెండు దేశాల మధ్య ఎంత పగ ఉన్నా ఆ పూట వంతెన అలా నిలబడింది. తొమ్మిది నెలలు గడిచాయో లేదో, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. ఆ సినిమా వచ్చేదాకా మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఆ తరవాతి తరంలో మహమ్మద్ హబీబ్. 1949లో హైదరాబాదులో పుట్టాడు. 1965-66 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో మన ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించింది. ఆ ఆటలో హబీబ్‌ను చూసిన కలకత్తావాళ్లు, ఓడించిన పిల్లవాడినే పిలిచి పీట వేశారు. ఆ రోజుల్లో ఆటగాళ్లు ఏదో ఒక ఆఫీసులో ఉద్యోగం చూసుకుని ఆడేవారు. హబీబ్ ఉద్యోగం వద్దని ఆటనే బతుకుతెరువు చేసుకున్నాడు. పదిహేనేళ్లకు పైగా మూడు క్లబ్బులకూ మారి మారి ఆడాడు. ఒక పక్షాన్ని వదిలి ఎదుటి పక్షానికి పోతే కలకత్తాలో మామూలుగా క్షమించరు. ఇతణ్ణి మాత్రం అందరూ ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకున్నారు. తమ్ముడు అక్బర్ కూడా అన్న వెంట వెళ్లాడు. 1976లో ఈస్ట్ బెంగాలు మీద ఆట మొదలైన 17 సెకండ్లకే గోలు కొట్టి రికార్డులకెక్కాడు. మనం పోపులో ఆవాలు చిటపటలాడేలోపల అన్నమాట! 1977 సెప్టెంబరు 24న ప్రపంచంలోకెల్లా పేరున్న పెలే తన జట్టుతో కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్సులో ఆడితే ఆట 2-2తో సమానమైంది. మోహన్‌బగాను కొట్టిన ఆ రెండు గోల్సులో ఒకటి మన హబీబ్‌ది. నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, ఇలా హైదరాబాదు నుంచి వెళ్లి కలకత్తాలో మొనగాళ్లనిపించుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇంతవరకు తియ్యటి మాటలే చెప్పాను. చేదు కూడా చెప్పాలి. వంతెన ఊరికే నిలబడదు, కాచుకోకపోతే కూలుతుంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సులో మోహన్‌బగాను, ఈస్ట్ బెంగాలు ఆట జరుగుతుండగా అభిమానులు కొట్టుకున్నారు. తొక్కిసలాటలో 16 మంది పోయారు. పొద్దున ‘అమ్మా, సాయంత్రం వస్తా’ అని చెప్పి వెళ్లిన పిల్లలు. ఏ చేప వండుతుంది ఆ తల్లి ఆ రాత్రి? అప్పటినుంచి కలకత్తాలో ఆగస్టు 16న వాళ్ల జ్ఞాపకంగా రక్తదానం చేస్తారు. అభిమానం గీత దాటితే ఏమవుతుందో ఏటా తమకు తామే గుర్తు చేసుకుంటారు.

అదే అభిమానులు 2024 ఆగస్టులో ఏం చేశారో కూడా వినండి. కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ డాక్టరమ్మ మీద ఘోరం జరిగి ఆమె ప్రాణం పోయింది. ఆగస్టు 18న జరగవలసిన పెద్ద ఆటను బందోబస్తు కారణాలు చెప్పి రద్దు చేశారు. ఆట లేదన్నా అభిమానులు ఇళ్లల్లో కూర్చోలేదు. ఎరుపు పసుపు చొక్కాల ఈస్ట్ బెంగాలువాళ్లు, ఆకుపచ్చ మెరూన్ చొక్కాల మోహన్‌బగానువాళ్లు, నలుపు తెలుపుల మహమ్మదన్‌వాళ్లు స్టేడియం బయట భుజం భుజం కలిపి నిలబడి, ఆ ఆడపిల్లకు న్యాయం కావాలని అరిచారు. పోలీసు లాఠీలకు కూడా కదల్లేదు. నూరేళ్లుగా ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నవాళ్లు ఒక ఆడపిల్ల కోసం ఒక్కటయ్యారు. మనం ఆడవాళ్లం ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మరి మన వైపు వంతెన సంగతి? బలరాం ఆరోగ్యం చెడి 27 ఏళ్లకే పెద్ద ఆటకు దూరమయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో, హుగ్లీ నది ఒడ్డున, ఒంటరిగా గడిపాడు. తను ఆడిన క్లబ్బు మీద ఆయనకు అలక ఉండేది. దత్తత వెళ్లిన ఇంట్లోనూ మనసు నొచ్చుకోవడం ఉంటుంది మరి. అయినా ఆ ఊరు వదిలి రాలేదు. 2023 ఫిబ్రవరి 16న 86 ఏట అక్కడే పోయాడు. బెంగాలు పత్రికలు ఆ వార్త రాశాయి. పుట్టిన సికిందరాబాదులో మాత్రం ఎంతమంది అయ్యో అనుకున్నారు? హబీబ్ చివరి రోజుల్లో హైదరాబాదు తిరిగొచ్చాడు. మతిమరుపు జబ్బుతో మంచాన పడి, అదే ఏడు ఆగస్టు 15న కన్నుమూశాడు. ఒకప్పుడు ఒలింపిక్ జట్టుకు సగం ఇంట్లోంచే పంపినట్టు పంపిన ఊరు మనది. ఇప్పుడు కలకత్తాలో ఏ ముసలాయన్ని అడిగినా బలరాం, హబీబ్ అంటే కళ్లు మెరుస్తాయి. మన పిల్లలను అడిగితే ‘ఎవరమ్మా వాళ్లు?’ అంటారు. అంటే ఆ ఒడ్డున వంతెన గట్టిగానే ఉంది, బీటలు వారింది మన ఒడ్డునే.

మధ్యలో ఒక ఆశ చిగురించింది. 2019లో హైదరాబాదు పేరుతో కొత్త క్లబ్బు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచింది. ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపి గెలిపించిన గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమని గోవావాడు! పాదిరీ నేర్పిన బంతి, పటాలం నేర్పిన బంతి చివరికి ఒకచోట కలిశాయి. కాని డబ్బు చిక్కులతో ఆ క్లబ్బు మూడేళ్లలోనే చితికిపోయి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

అయితే వంతెన పూర్తిగా పోలేదు. ఈసారి దానిమీద నడుస్తున్నది ఒక ఆడపిల్ల. నిజామాబాదు జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్. 2022లో ఏకంగా యూరపు వెళ్లి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. తిరిగి వచ్చాక, చూడండి విధి, బలరాం ఆడిన ఈస్ట్ బెంగాలుకే ఆడింది. 2024-25లో ఆ జట్టు ఇండియన్ విమెన్స్ లీగు గెలిచింది. ఆ ఏడాది దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెకు అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య అవార్డు దక్కింది. అమ్ముగూడ పిల్లవాడు వెళ్లిన దారిలోనే, అరవై ఏడేళ్ల తరవాత మన లంబాడీ తండా పిల్ల వెళ్లింది. ఇలిష్ వండుకునేవాళ్లు ఆమె కోసమూ చప్పట్లు కొట్టారు.

ఆ పిల్లను నిక్కరు వేసుకుని మైదానానికి వెళ్లనిచ్చిన తల్లి ఒకామె ఉంది కదా. నాలుగిళ్లవాళ్లు నాలుగు మాటలు అని ఉండరా? ఆమె ఆ మాటలు విని ఊరుకుంటే ఈ కథే లేదు. వంతెనకు రెండో కొస ఎప్పుడూ ఒక తల్లి చేతిలో ఉంటుందని నాకనిపిస్తుంది. పంపే తల్లి ఈ ఒడ్డున, పరాయి బిడ్డను తనవాడనుకుని అన్నం పెట్టే తల్లి ఆ ఒడ్డున. మధ్యన దొర్లేది బంతి.

మనం పెద్దగా చేయవలసింది ఏమీ లేదు. సాయంత్రం పూట గంటసేపు ఆడుకోవడానికి వదిలిపెడదాం, మగపిల్లవాణ్ణే కాదు, ఆడపిల్లనూ. చదువు పాడవుతుందని భయపడకండి, రహీం సాబ్ బడిపంతులే! కొడుకు టీవీలో ఆట చూస్తుంటే పక్కన పది నిమిషాలు కూర్చుని, వాడెవరు, ఏ ఊరివాడు అని అడగండి. ప్రపంచపటం మీద పది దేశాలు మనకూ తెలుస్తాయి, మనతో మాట్లాడటానికి వాడికీ ఒక సంగతి దొరుకుతుంది. తాము అభిమానించే జట్టు ఓడితే ఎదుటివాళ్లను తిట్టిపోసే పిల్లలకు ఈడెన్ గార్డెన్సు సంగతి ఒకసారి చెప్పండి. మన వీధిలో చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన బీహారు పిల్లవాడో, మణిపూరు పిల్లో అద్దెకుంటే, వాళ్లకి ఫుట్‌బాలు ఇష్టమేమో అడిగి చూడండి. పలకరించడానికి అంతకంటే తేలిక మాట ఇంకోటి లేదు. పనిలో పనిగా బలరాం, హబీబ్, రహీం సాబ్ పేర్లు కూడా ఇంట్లో చెప్పండి. పరాయి ఊరివాళ్లు ఇంత ప్రేమగా తలుచుకునే మన బిడ్డలను మనమే మరిచిపోతే ఎలా?